ఏడుపు నర్సమ్మ

పోలియో చుక్కలు వేయడానికి వచ్చిన కొత్త నర్సు, పక్కింటి పసివాడి నోట్లో చుక్కలు పిండి, వాడి వేలికి సిరా పూస్తూ మాటల్లో మాటగా చెప్పింది.

"ఇదివరకు మీ ఊళ్లె చేసిన పెద్ద సిస్టర్ పోయిందటమ్మా. మొన్న మీటింగ్‌ల చెప్పుకున్నరు."

మా అత్తమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని చింతపండు గింజ తీస్తోంది. తలెత్తి నా వైపు చూసింది.

"ఎవలు? మన ఏడుపు నర్సమ్మనా?"

"అవ్ అత్తమ్మా, ఆమే అయ్యుంటది" అన్నాను.

అత్తమ్మ "అయ్యో" అనలేదు. చేతిలో ఉన్న గింజ పక్కన పడేసి, "ఆమె పోతే మనం ఏడ్వాలె. గని ఆమె ఏడ్సినంత మంచిగ మనకు ఏడ్వొస్తదా?" అంది.

నాకు నవ్వు ఆగలేదు. అన్నాక ఆమెకూ ఆగలేదు. నవ్వి నవ్వి ఇద్దరం కొంగులతో కళ్లు తుడుచుకున్నాం. చావు కబురు చెబితే పగలబడి నవ్వే ఇల్లు ఇదేం ఇల్లని ఆ పిల్ల బిత్తరపోయింది. కూర్చోబెట్టి సంగతంతా చెబుదామనుకున్నాను గానీ, ఈ బస్సు దాటితే సాయంత్రం దాకా ఇంకోటి లేదని డబ్బా భుజానికేసుకుని పరుగెత్తింది. ఆమెకు చెప్పాల్సింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఏడుపు నర్సమ్మ అనగానే మూలన ముడుచుకుని కూర్చున్న దీనురాలు ఎవరైనా మీ కళ్ల ముందు మెదిలితే, ఆ బొమ్మ చెరిపేసుకోండి. మా ఊరి మగవాళ్లలో సగం మంది కన్నా ఆమె పొడుగు. గొంతు విప్పితే వాగు అవతలి గట్టు మీద పశువులు కాసేవాళ్లు తిరిగి చూసేవారు. చీర కుచ్చిళ్లు మడమల పైకి దోపి, కాళ్లకు కాన్వాసు బూట్లు వేసుకుని, మందుల డబ్బా భుజాన తగిలించుకుని అడవి దారిన గూడేలకు నడిచిపోతుంటే ఎవరో ఫారెస్టు ఆఫీసరు వస్తున్నాడనుకుని కట్టెల మోపులు దించి పొదల్లో దాచినవాళ్లున్నారు. మొహమాటం ఆమె ఇంటా వంటా లేదు. సర్పంచి అయినా సరే, పిల్లకు సూది వేయించకపోతే నడిబజార్లో నిలబెట్టి అడిగేది.

అట్లాంటి మనిషికి ఏడుపొచ్చేది. ఎప్పుడు పడితే అప్పుడు, ఎక్కడ పడితే అక్కడ. ఎవరూ ఏమీ అనకుండా, ఏమీ జరగకుండా. మొహంలో మార్పుండదు, వెక్కిళ్లుండవు, ముక్కు ఎగబీల్చడం కూడా ఉండదు. కొత్త కుండ చెమర్చినట్టు కళ్లు నిండేవి, చెంపల మీదుగా ధారలు కట్టేవి. రాబోతోందని ఆమెకు ముందే తెలిసేది. మెడ వెనక వెచ్చగా అవుతుందట. వెంటనే చేతిలో ఉన్న సూదిని గిన్నెలో పెట్టేసి, కళ్లజోడు తీసి పక్కన ఎవరుంటే వాళ్ల చేతికిచ్చేది.

"ఇవి పట్టుకో. ఏడుపొస్తున్నది."

దాహమేస్తోందని మనం ఎట్లా అంటామో అట్లా అనేది. మా ఊళ్లో ఆ కళ్లజోడు పట్టుకోని మనిషి లేడంటే నమ్మండి. ఏడుపు అయిపోయాక మగవాళ్ల చేతిరుమాలు ఒకటి నడుముకు దోపుకున్నది తీసి మొహం తుడుచుకుని, జోడు పెట్టుకుని, మాట ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే అందుకునేది. "పిల్లకు రెండో సూది" అని ఆగి, నిమ్మళంగా ఏడ్చి, "వచ్చే నెల ఏపియ్యాలె, మరువకు" అనేది.

ఆమె మా ఊరికి బదిలీ మీద వచ్చిన ఏడే నేనూ కాపురానికి వచ్చాను. మాది ఖమ్మం దగ్గర ముదిగొండ వైపు. చుట్టూ పొలాలే తప్ప చెట్టన్నది వెతుక్కోవలసిన ఊరు. ఇక్కడ, పినపాక దాటి లోపలికి వస్తే, ఇంటి వెనక దడి దాటగానే టేకు చెట్లు. ఆమెదేమో కూసుమంచి పక్కన పల్లె. ఇద్దరం ఒక వైపు వాళ్లమని నన్ను "మా దిక్కు పిల్ల" అనేది. అందువల్ల మొదటి రోజుల్లో జరిగిన ఆ రభసను నేను దగ్గరుండి చూశాను.

మా మామగారి అన్న, ఊరంతా పెద్దయ్య అని పిలిచే ముసలాయనకు చలిజ్వరం వచ్చి ఒళ్లెరగకుండా పడుకున్నాడు. కొత్త నర్సమ్మను పిలిపించారు. ఆమె మంచం పక్కన పీట మీద కూర్చుని, ఆయన మణికట్టు పట్టుకుని, తన చేతి గడియారం వైపు చూస్తూ నాడి లెక్కపెడుతోంది. ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి ఆమె మొహం వంక చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. లెక్క తప్పుతుందని జోడు తీయలేదు, మాట్లాడలేదు. ధారలుగా నీళ్లు కారి ముసలాయన చేతి మీద పడుతున్నాయి.

రోగి చెయ్యి పట్టుకున్న నర్సమ్మ నోట మాట లేకుండా ఏడుస్తుంటే చూసేవాళ్లకు ఏమని అర్థమవుతుంది?

ఆయన కోడలు కెవ్వుమంది. మా వైపు ప్రాణం పోయే మనిషిని మంచం మీద ఉంచరు, నేలకు దించుతారు. ఇద్దరు కొడుకులూ చెరో వైపు పట్టి ముసలాయన్ని లేపి కింద పడుకోబెట్టేశారు. ఎవరో తులసి నీళ్లు తెచ్చి నోట్లో పోశారు. ఒకడు డప్పుల వాళ్లకు చెప్పడానికి పరుగెత్తాడు. చల్లటి నేల వీపుకు తగిలి, నీళ్లు ముక్కులోకి పోయి, పెద్దయ్య దగ్గుతూ లేచి కూర్చున్నాడు.

"ఎవడ్రా నన్ను కింద పారేసింది?"

నర్సమ్మ చెంపలు ఇంకా తడిగానే ఉన్నాయి. కోపంతో లేచి నిలబడింది. "నిమ్మళంగ ఉండున్రి! నాడి లెక్క తప్పింది, మల్ల మొదలు పెట్టాలె. ఆయనకు జరం. గంతే."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నవమ్మా?" అని కోడలు.

"ఊకెనే."

"ఊకెనే ఎవలన్న ఏడుస్తరా?"

"నేనేడుస్త" అంది నర్సమ్మ, మళ్లీ పీట మీద కూర్చుని ముసలాయన చెయ్యి అందుకుంటూ.

పెద్దయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఆమె ఎదురైతే చేతులు రెండూ వెనక దాచుకుని, "నాడి గీడి చూడకు నర్సమ్మా, మావోళ్లు నన్ను దింపుటానికి తయారుగ ఉన్నరు" అనేవాడు. కానీ ఊరు అంత తేలిగ్గా తీసుకోలేదు. కొన్నాళ్లు ఆమెను ఎవరూ ఇంటికి పిలవలేదు. ఆమె కుంగిపోయి కూర్చోలేదు. పిలవకపోయినా ఇంటింటికీ తానే వెళ్లి, గుమ్మంలో నిలబడి ముందే ఎలుగెత్తి చెప్పడం మొదలుపెట్టింది.

"నేను ఏడుస్త. ఎవలు పోయినట్టు కాదు. మంచాలు ముట్టకున్రి."

అది విని ఊరు మొదట నవ్వింది, తర్వాత అలవాటు పడింది.

ఆడవాళ్ల దగ్గర ఇంకో చిక్కొచ్చింది. ఇక్కడ చావింటికి వచ్చిన ఆడవాళ్లు ఊరికే పలకరించి కూర్చోరు. ఒకరి మెడ ఒకరు చుట్టుకుని, పోయిన మనిషితో మొదలుపెట్టి, తమ ఇళ్లలో అంతకు ముందు పోయినవాళ్లందరినీ పేరుపేరునా పిలిచి ఏడుస్తారు. ఒక ఆడమనిషి ఏడుస్తుంటే పక్కనున్నది బొమ్మలా నిలబడటం మర్యాద కాదు. కాబట్టి నర్సమ్మకు ఏడుపు రావడం ఆలస్యం, దగ్గరున్న ఆవిడ వచ్చి మెడ చుట్టుకుని, "ఓ మా అమ్మా" అని తన తల్లిని తలుచుకునేది. ఆమెను చూసి ఇంకొకావిడ. పిల్లలకు సూదులు వేసే రోజున సబ్‌సెంటరు ముందు ఒక్కోసారి అరడజను మంది ఆమెను చుట్టేసుకుని శోకాలు పెట్టేవారు. వాళ్ల మధ్య తాటిచెట్టులా నిలబడి నర్సమ్మ, "నాకెవ్వలు పోలేదే, వదులున్రి, మందు వేడెక్కుతది" అని మొత్తుకునేది. ఎవరు వింటారు? వాళ్లకు ఏడ్చుకోవడానికి ఒక సందు దొరికింది. చావు కోసం ఎదురుచూడకుండా ఏడ్చుకునే వీలు అంతకు ముందు మా ఊరి ఆడవాళ్లకు ఎక్కడుంది? కొందరు సూది పని లేకపోయినా ఆ రోజు వచ్చి నిలబడేవారని నాకు తెలుసు.

విచిత్రమేమిటంటే నిజంగా ఏడవాల్సిన చోట ఆమె ఏడ్చేది కాదు. ఒక వానాకాలం అవతలి గూడెంలో విషజ్వరాలు వచ్చి ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. ఆమె అక్కడే మకాం వేసి, నీళ్లు కాచి, మాత్రలు మింగించి, వాళ్ల భాష సగం రాకపోయినా చేతులతోనే చెప్పి, మిగతా పిల్లల్ని మోయించి దవాఖానకు పంపింది. కంట తడి లేదు. తిరిగొచ్చాక అడిగితే, "అప్పుడు పనుంటది గదా" అంది. ఎవరైనా "పాపం నర్సమ్మ" అంటే మాత్రం ఒంటికాలి మీద లేచేది. "నాకు మంచిగ జీతమొస్తది, మంచిగ నిద్ర పడతది, రెండు పూటలు తింట. పాపమేంది?"

ఆమెకు పెళ్లయిందా, పిల్లలున్నారా అని అడగబోయేవాళ్లు చాలామందే ఉండేవారు. కారణం అక్కడ దొరుకుతుందని వాళ్ల ఆశ. మొగుడున్నాడు, ఖమ్మంలో బడిపంతులు. సెలవులకు వచ్చేవాడు. మంచివాడే. వచ్చినప్పుడు ఇంటి ముందు కూర్చుని ఆమెకు వంకాయలు తరిగిపెట్టేవాడు, ఆమె జోడు ఇస్తే జేబులో పెట్టుకునేవాడు. అడగడానికి వచ్చినవాళ్లు ఆ వంకాయలు చూసి నిరాశగా వెళ్లిపోయేవారు.

నేనొకసారి సూటిగానే అడిగాను. "అసలు ఎందుకేడుస్తవక్కా?"

"చూపిచ్చుకున్న చెల్లె. హైదరాబాద్ దాక పోయిన. ఒకాయన నరాలన్నడు, ఒకాయన రక్తమన్నడు. గోలీలిచ్చిన్రు, మింగిన. సగం తగ్గింది. మిగిలిన సగం ఇగ నాదే. ముక్కు వంకరుంటే కోసేసుకుంటమా?"

ఇక నా సంగతికి వస్తాను. ఆమెను నేను ఇంతగా గుర్తుపెట్టుకోవడానికి కారణం అదే.

పెద్దవాడు మా పుట్టింట్లో పుట్టాడు. ఏ గొడవా లేదు. రెండో కాన్పు ఇక్కడే, అత్తగారింట్లో. ఆడపిల్ల. నర్సమ్మే చేసింది. పిల్ల బొద్దుగా, నల్లటి జుట్టుతో ముద్దుగా ఉంది. పురుటి స్నానం అయిన రెండు మూడు రోజులకు, వేడి వేడి అన్నంలో వెల్లుల్లి కారం కలుపుకుంటున్నాను, ఉన్నట్టుండి కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. కారం ఘాటేమో అనుకున్నాను. అన్నం పక్కన పెట్టినా ఆగలేదు. ఆ రోజు మొదలు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పిల్లకు పాలిస్తుంటే తప్పనిసరిగా ఒకసారి. నర్సమ్మలా నిబ్బరంగా కాదు. నాకు వెక్కిళ్లొచ్చేవి, భయమేసేది, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది.

ఇంట్లో తలా ఒక కారణం తెచ్చి నా ముందు పెట్టారు. మా ఆయన మణుగూరు బొగ్గు బావిలో పని. వారానికోసారి వచ్చేవాడు. "ఆడపిల్లని ఏడుస్తున్నవా? నాకేం పట్టింపు లేదే" అన్నాడు. అప్పటిదాకా ఆ ఆలోచనే నాకు లేదు. ఆయన అన్నాక, నిజంగా అందుకేనేమో, ఇంత పాపిష్టి తల్లి ఉంటుందా అని ఇంకా ఏడ్చాను. పక్కింటావిడ, అమ్మ మీద బెంగ అంది. ఆ పూట అమ్మ కోసం ఏడ్చాను. అత్తమ్మ వాగు దగ్గర ఏదో గాలి సోకిందని మెడకు తాయెత్తు కట్టించింది. అప్పణ్ణుంచి వాగు వైపు చూడాలంటేనే భయం.

నర్సమ్మ బాలింతను చూడ్డానికి వచ్చినప్పుడు నేను ఇవన్నీ వరసగా చెప్పాను. మంచం పట్టె మీద కూర్చుని అంతా విన్నది.

"ఏడ్చేటప్పుడు కారణం ఎతకకు" అంది. "ఎతికితే దొరుకుతది. ఏడుపుల ఏదెతికినా దొరుకుతది. నా పెండ్లి, మా నాయిన చావు, మొన్న విరిగిన సూది, అన్నీ నాకు దొరికినయ్. దొరికినదల్లా నిజం కాదు. ముందు ఏడ్వు. అయినంక నీళ్లు తాగు, ఇంత తిను, ఒక కునుకు తియ్యి. అప్పటికి గూడ ఆ కారణం ఆడనే ఉంటే, అప్పుడు దాన్ని చూద్దం."

తర్వాత గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం నేను వినడం అదే మొదలు.

"ఒకటడుగుత, సిగ్గుపడకు. నిన్ను నువ్వేమన్న చేసుకోవాలనిపిస్తున్నదా? పిల్లను ఏమన్న చెయ్యాలనిపిస్తున్నదా?"

"పిల్లనేం అనిపియ్యదక్కా. నేను లేకపోతే అందరికి నిమ్మళమైతది అనిపించింది, ఒకటి రెండుసార్లు."

ఆమె ఉలిక్కిపడలేదు, దేవుడి పేరెత్తలేదు. "మల్ల అనిపిస్తే నాకు చెప్పు. నేను గూడెం పోతే మీ అత్తమ్మకు చెప్పు. ఆమెతోని నేను మాట్లాడుత. నువ్వొక్కదానివే మోయకు" అని, మర్నాడు నన్ను బస్సెక్కించి తనే దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ రక్తం చూసి చాలా తక్కువుందని మాత్రలిచ్చింది. కాన్పు తర్వాత కొందరికి ఇట్లా అవుతుందని, ఇది రోగమే గానీ నా తప్పు కాదని, నిద్ర ముఖ్యమని, నెల తిరక్కుండా మళ్లీ రమ్మని చెప్పింది. బస్సులో తిరిగి వస్తుంటే మా ఇద్దరికీ ఒకేసారి ఏడుపొచ్చింది. కండక్టరు టికెట్లు కొట్టడం మానేసి, "ఎవలమ్మా పోయింది?" అని అడిగాడు. నర్సమ్మ అతని చేతికి కళ్లజోడిచ్చింది. ఆ నెలలో నేను నవ్వింది అప్పుడే.

నాకు ధైర్యం చిక్కింది గానీ, ఇంట్లో అసలు చిక్కు ముదిరింది. అత్తమ్మకు తాయెత్తు మీద నమ్మకం పోయింది, మాత్రల మీద నమ్మకం రాలేదు. ఆమె భయం ఒక్కటే. ఏడ్చే తల్లి పాలు పిల్లకు విషమవుతాయని. నేను పాలిస్తూ ఏడ్చిన ప్రతిసారీ పిల్లను లాక్కున్నట్టే తీసుకుని ఉగ్గుగిన్నెతో మేకపాలు పట్టేది. పిల్లకు అవి పడలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. అవీ నా ఏడుపు వల్లేనంది. చివరికి పినపాకలో ఉండే మా బావగారికి కబురు పెట్టింది. మా తోటికోడలికి చంటివాడున్నాడు, ఒంట్లో పాలు బాగా ఉన్నాయి. నా పిల్లను కూడా ఆమె పెంచుతుంది, నేను తేరుకున్నాక చూసుకోవచ్చు అని. మా ఆయన్ను అడిగితే, "కొన్నాళ్లకే గదా, అమ్మ చెప్పినట్టు ఇను" అని షిఫ్టుకు పోయాడు.

కొన్నాళ్లే. ఆ పిల్ల లేకపోతే ఆ కొన్నాళ్లు నేను దాటగలనని నాకు నమ్మకం లేదు. ఆ మాట పైకి చెప్పడానికి నోరు తెరిస్తే మాటకు బదులు ఏడుపే వచ్చేది. ఏడ్చే మనిషి మాటకు విలువ ఎక్కడుంది?

బావగారు పొద్దున్నే బస్సుకు వచ్చాడు. అత్తమ్మ పిల్లకు నూనె రాసి, స్నానం చేయించి, పాత చీర మెత్తటి పేలికలు సంచిలో సర్దింది. పెద్దవాడిని పక్కింటికి పంపేసింది. నేను గోడకు చేరగిలబడి చేతులు చాపి ఉన్నాను. పిల్ల మాత్రం అత్తమ్మ ఒళ్లో ఉంది. అప్పుడు గుమ్మంలో గొంతు వినిపించింది.

"సంచి ఎందుకు సర్దిన్రు? ఏడికి?"

పక్కింటావిడ చెప్పి పంపిందని తర్వాత తెలిసింది. నర్సమ్మ లోపలికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా అత్తమ్మ ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏడ్చుకుంట పాలిస్తున్నది నర్సమ్మా" అంది అత్తమ్మ. "పిల్లకు తగుల్తది. నువ్వు నడుమ రాకు."

"పిల్లకు తగిలింది మేకపాలు అత్తమ్మా. తల్లి పాలకు ఏం కాలే."

"నీకేం తెలుసు? నువ్వు గూడ ఏడ్చేదానివే."

ఆ మాటకు నాకు ప్రాణం చచ్చిపోయింది. సరిగ్గా అప్పుడే నర్సమ్మ చెయ్యి మెడ వెనక్కు వెళ్లింది. ఏడుపు వస్తోంది. ఎప్పుడూ అయితే మాట అక్కడికి ఆపేది. ఆ రోజు ఆపలేదు. జోడు తీయలేదు. కళ్లలోంచి నీళ్లు ధారలు కడుతుంటే, అద్దాలు మసకబారిపోతుంటే, గొంతు పిసరంత వణక్కుండా మాట్లాడుతూనే ఉంది.

"అవ్, ఏడ్చేదాన్నే. ఇప్పుడు గూడ ఏడుస్తున్న, చూస్తున్నవ్ గదా." బావగారి వైపు తిరిగింది. "నీ చిన్నకొడుకు ఈ ఇంట్లనే పుట్టిండు. మెడకు పేగు చుట్టుకొని నీలంగ వచ్చిండు. యాదికున్నదా అత్తమ్మా? ఉడుకునీళ్లు పట్టుకొని నువ్వే ఉన్నవ్. అప్పుడు నేను ఏడుస్తున్ననా లేదా?"

అత్తమ్మ ఒళ్లో పిల్లను సర్దుకుంది. "ఏడ్సినవ్" అంది.

"సూదంటే పక్కన పెడ్త. వస్తున్న పిలగాన్ని యాడ పెట్టాలె? ఏడ్చుకుంటనే పేగు విప్పిన. నా చేతులేడ్సినయా?"

రెండు చేతులూ అత్తమ్మ ముందు చాపింది.

"కండ్లు ఏడుస్తయ్ అత్తమ్మా. చేతులకేం కాదు, పాలకేం కాదు, బుద్ధికేం కాదు. ఈ పిల్ల ఏడుస్తున్నదంటే పిచ్చిది అయినట్టు కాదు, బిడ్డను పెంచరానిది అయినట్టు కాదు. దాని మందు అది మింగుతున్నది. దానికి నిద్ర లేదు. నువ్వు పాల మధ్యల పిల్లను పట్టుకొని దాన్ని పండనియ్యి. గది చెయ్యి. బిడ్డను మాత్రం గుంజుకోకు. గుంజుకుంటే ఏడ్చే మనిషి చేతిల ఇంకేముంటది?"

బావగారు తల వంచుకుని తన చెప్పుల వైపు చూస్తున్నాడు. అత్తమ్మ పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె మొహం చూసి నాకు భయమేసింది. కోపమనుకున్నాను.

"నా రెండోవాడు" అంది అత్తమ్మ. అని ఆగింది. "నా రెండోవాడు గట్లనే పోయిండు నర్సమ్మా. మా అమ్మ సచ్చిపోయిన్నాడు వాడు నెలల పిలగాడు. ఆ ఏడుపుల పాలిచ్చిన. వారం తిరగలే. నీ పాలే పిలగాన్ని తిన్నయని మా అత్త అన్నది. ఈడున్నోళ్లందరు అన్నరు. నేను మల్ల ఏడ్వలే. నా మొగుడు పోయిననాడు గూడ ఏడ్వలే, అడుగున్రి."

నిజమే. ఆమె ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. గట్టి మనిషి అని ఊరంతా అనేది. మా ఆయనకు ముందు ఇంకో అన్న పుట్టి పోయాడని కూడా నాకు ఆ రోజే తెలిసింది.

నర్సమ్మ మోకాళ్ల మీద ముందుకు జరిగి అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. "వాడు నీ ఏడుపుకు పోలేదమ్మా. పసిపిల్లలకు జరాలొస్తయ్, దమ్ములొస్తయ్. ఆ రోజులల్ల సూది లేదు, మందు లేదు. నీ పాలు వాన్ని ఉన్నన్ని రోజులు బతికిచ్చినయ్. నేను నర్సుగ చెప్తున్న. ఎవలన్న అడిగితే నా పేరు చెప్పు."

అత్తమ్మ నోరు తెరిచింది. ఎన్నో ఏళ్లుగా దాచుకున్నది ఒక్కసారి బయటపడితే ఎట్లా ఉంటుందో నాకు చెప్పడం రాదు. బావగారు లేచి అరుగు మీదికి వెళ్లిపోయాడు. నర్సమ్మ మెడ చుట్టుకుని అత్తమ్మ ఆ పసివాణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. వాడికి పేరు పెట్టారనే నాకు తెలియదు. ఇద్దరి మధ్యా నలిగి నా పిల్ల కేరుమంది.

నర్సమ్మే పిల్లను తీసి నా ఒళ్లో పెట్టింది. "ఆకలైతున్నది, ఇయ్యి" అంది.

నాకు ఏడుపు ఆగడం లేదు. వెక్కుతూనే పిల్లను రొమ్ముకు అందించాను. గబగబా పట్టుకుంది. అత్తమ్మ నర్సమ్మను వదిలి, మోకాళ్ల మీద పాకుతూ వచ్చి నా ఎదురుగా కూర్చుని పిల్ల నోటి వంకే చూస్తోంది. కక్కుతుందేమో అని, నీలం తిరుగుతుందేమో అని. పిల్ల మింగిన ప్రతి గుటకకూ ఆమె గొంతు కదులుతోంది. నా కంటి నీళ్లు గడ్డం మీదుగా జారి పిల్ల చెంప మీద పడ్డాయి. అత్తమ్మ చెయ్యి చటుక్కున ముందుకొచ్చింది. ఇక లాక్కుంటుందని పిల్లను అదుముకున్నాను.

ఆమె లాక్కోలేదు. తన కొంగు చివర వేలికి చుట్టుకుని పిల్ల చెంప మీది తడిని మెల్లగా అద్దింది. ఇంకో చుక్క పడితే దాన్నీ అద్దింది.

"నువ్వేడ్వు బిడ్డా" అంది. "పిల్ల మీద పడకుంట నేను తుడుస్త."